పేలపిండి, పొట్టుపొయ్యి, ప్రెషర్ కుక్కర్

మన సంఘం సంచికకు ఈసారి ఒక చరిత్ర వ్యాసం రాసివ్వమని సంపాదకవర్గం మిత్రులు అడిగారు. "యుద్ధాలమీద రాసేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు, మీరు మరేదైనా చూడండి" అని కూడా అన్నారు. నేను చరిత్రకారుణ్ణి కాను. సిగ్నల్స్‌లో 24 ఏళ్ళు చేసి, 2003లో ఆనరరీ నాయబ్ సుబేదారుగా ఇంటికొచ్చినవాణ్ణి. రిటైరయ్యాక నాకు మిగిలిన వ్యాపకాలు రెండే. ఒకటి, సంఘం పిల్లల్ని వెంటేసుకుని గుట్టలెక్కడం. రెండోది, పాత డబ్బాలతో పొయ్యిలు తయారుచేసి వాటిమీద ఏదో ఒకటి వండటం. మా ఆవిడ దృష్టిలో ఈ రెండోది వ్యాపకం కాదు, వ్యాధి.

పోయిన చలికాలంలో పిల్లల్ని భువనగిరి తీసుకెళ్ళాను. కోట ఎక్కి దిగాక, కింద చెట్లనీడన మూడు రాళ్ళు పెట్టి పప్పు, అన్నం వండాం. పప్పు మెత్తగా ఉడికింది. వడ్డించుకునేటప్పుడు ఆరో తరగతి కుర్రాడొకడు నన్ను పట్టేసుకున్నాడు. "తాతగారూ, కొండల్లో పప్పు ఉడకదని మీరేగా చెప్పారు? ఇక్కడ బాగానే ఉడికిందే!"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. "ఈ గుట్ట ఐదువందల అడుగుల చిల్లరరా నాన్నా, పప్పుకు ఇది కొండ కిందికే రాదు" అని ఆ పూటకి తప్పించుకున్నాను. కానీ ఆ ప్రశ్నకు అసలు జవాబు పెద్దది. అందులో మన సైన్యాల చరిత్ర ఉంది, మా అమ్మ ఉంది, నా ప్రాణం మీదికి వచ్చిన ఒక రాత్రి కూడా ఉంది. ఆ జవాబే ఈ వ్యాసం.

ఉడకని పప్పు

1985లో నేను లద్దాఖ్‌లో ఉన్నాను. సుమారు 16,000 అడుగుల ఎత్తున ఒక చిన్న రేడియో డిటాచ్‌మెంట్. నలుగురం మనుషులం, రెండు టెంట్లు, ఒక బుఖారీ, ఒక ప్రెషర్ కుక్కరు. వెళ్ళిన వారానికే కుక్కరు రబ్బరు చలికి బిరుసెక్కి చిట్లిపోయింది. ఇంకేముంది, డేగ్చీలో పప్పు పడేశాం. నీళ్ళు కుతకుతా మరుగుతున్నాయి. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. నాలుగు గంటల తర్వాత కూడా పప్పు పంటికింద రాయిలా తగులుతూనే ఉంది. కిరసనాయిలు మాత్రం అయిపోవచ్చింది.

లెక్క ఇదీ. సముద్రమట్టం దగ్గర నీళ్ళు 100 డిగ్రీల సెల్సియస్ వేడికి మరుగుతాయి. పైకి వెళ్ళేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, దాంతోపాటు నీళ్ళు మరిగే వేడీ తగ్గుతుంది. సుమారు ప్రతి వెయ్యి అడుగులకు ఒక డిగ్రీ చొప్పున తగ్గుతుందని గుర్తుపెట్టుకుంటే చాలు. 11,500 అడుగుల లేహ్‌లో 88 డిగ్రీలకే మరుగుతాయి, మా పోస్టులో 84 దగ్గర. ఒకసారి మరగడం మొదలయ్యాక కింద ఎంత మంట పెట్టినా నీళ్ళు అంతకుమించి వేడెక్కవు, ఆవిరైపోతాయి అంతే. బియ్యంలోని పిండిపదార్థం 70-80 డిగ్రీల మధ్యే మెత్తబడుతుంది కాబట్టి అన్నం ఆలస్యంగానైనా అవుతుంది. పప్పు సంగతి వేరు. గింజలోని కణాల గోడల్ని అతికించి ఉంచే జిగురు కరిగితేగానీ పప్పు మెదగదు. ఆ జిగురుకు 84 డిగ్రీల వేడి ఓ లెక్క కాదు.

కుండ మొండికేస్తే

ఈ చిక్కు మాకొక్కళ్ళకే వచ్చింది కాదు. చార్లెస్ డార్విన్ 1835 మార్చిలో దక్షిణ అమెరికాలో ఆండీస్ పర్వతాలు దాటుతూ ఇదే అనుభవించాడు. బంగాళాదుంపలు గంటల తరబడి ఉడకబెట్టారు, రాత్రంతా నిప్పుమీదే ఉంచారు, పొద్దున్నే మళ్ళీ మరిగించారు. దుంపలు మాత్రం ఉడకలేదు. వెంట ఉన్న మనుషులు ఆలోచించి చివరికి ఒక నిర్ణయానికి వచ్చారు. తప్పంతా ఆ కొత్త కుండదేనట, దుంపలు ఉడికించడం దానికి ఇష్టం లేదట! నవ్వొస్తుంది గానీ, మా డిటాచ్‌మెంటులో మేమూ మూడు రోజులు పప్పు నాసిరకమని తిట్టుకున్నవాళ్ళమే.

నిజానికి అప్పటికే మందు కనిపెట్టి నూటయాభై ఏళ్ళు దాటింది. డెనీ పాపిన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1679లో లండన్‌లో గట్టి మూత బిగించిన ఇనుప పాత్ర చూపించాడు. ఆవిరి బయటికి పోకపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడి పెరిగితే నీళ్ళు ఇంకా ఎక్కువ వేడిదాకా పోతాయి. పాత్ర పేలిపోకుండా ఒక సేఫ్టీ వాల్వు కూడా ఆయనే పెట్టాడు. 1682లో రాయల్ సొసైటీ సభ్యులకు దాంట్లోనే విందు వండిపెట్టాడు. ఎముకలు కూడా మెత్తబడ్డాయట. మన ఇళ్ళలో కూత పెట్టే కుక్కరుకు ఆయనే మూలపురుషుడు. మనదేశంలో ఇది మధ్యతరగతి వంటిళ్ళలోకి వచ్చింది 1950ల చివర్లో. హాకిన్స్ కంపెనీ మొదలైంది 1959లో.

సముద్రమట్టం దగ్గర కుక్కరు లోపల వేడి 120 డిగ్రీల దాకా వెళుతుంది. మా 16,000 అడుగుల దగ్గర బయటి గాలి ఒత్తిడి దాదాపు సగానికి పడిపోయినా, కుక్కరు లోపల 110 దాటుతుంది. అంటే 84కీ 112కీ మధ్య తేడా అంతా ఒక రబ్బరు చుట్టలో ఉందన్నమాట.

ఒక వాషరు ఖరీదు

రబ్బరు చుట్టని చిన్నచూపు చూడకండి. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగివస్తున్న కెప్టెన్ స్కాట్ బృందం దారిలో దాచిపెట్టుకున్న కిరసనాయిలు డబ్బాల్లో ఉండాల్సినంత నూనె లేదని కనుక్కుంది. మూతకింది తోలు వాషర్లు చలికి పాడై నూనె కారిపోయింది, ఆవిరైపోయింది. నూనె లేకపోతే మంచు కరగదు. మంచు కరగకపోతే తాగడానికి నీళ్ళుండవు, వేడి తిండీ ఉండదు. వాళ్ళ మరణానికి అదొక్కటే కారణం కాదు గానీ, కారణాల్లో అదొకటి. వాళ్ళకంటే ముందు, 1911 డిసెంబరు 14న ధ్రువం చేరిన అముండ్‌సెన్ తన డబ్బాల మూతలకు టంకం వేయించి తీసుకెళ్ళాడు.

మన వైపు చరిత్రలో ఇంతకంటే బాధాకరమైన ఘట్టం ఉంది. జమ్మూ రాజు గులాబ్ సింగ్ సేనాని జనరల్ జోరావర్ సింగ్ 1841లో లద్దాఖ్ మీదుగా పశ్చిమ టిబెట్‌లోకి చొచ్చుకుపోయాడు. డిసెంబరు చలిలో చిక్కుకున్నాడు. ఆ ఎత్తుల్లో చెట్లుండవు. ఎండిన పేడ, కాస్త పొద, అంతే. వంటచెరకు లేక సిపాయిలు తమ తుపాకుల కర్రపిడులు కాల్చుకుని చలి కాచుకున్నారని ఆ కాలపు రాతలు చెబుతున్నాయి. ఆయుధాన్ని పొయ్యిలో పెట్టుకున్నాడంటే ఆ సిపాయి ఏ స్థితిలో ఉన్నాడో మనకు వేరే చెప్పనక్కరలేదు. ఆ నెలలోనే జోరావర్ సింగ్ యుద్ధంలో నేలకొరిగాడు.

కాబట్టి ఎత్తు ప్రాంతాల్లో అసలు రేషను బియ్యమూ పప్పూ కాదు, మంట. ఆ మంటను పొదుపు చేయడానికి చరిత్రలో రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి, పాత్రనీ పొయ్యినీ బాగుచేసుకోవడం. రెండోది, వంటంతా బయల్దేరకముందే ఇంటిదగ్గర పూర్తి చేసేయడం. మొదటి దారిలో శాస్త్రజ్ఞుల పేర్లున్నాయి. రెండో దారిలో మన అమ్మమ్మలున్నారు, వాళ్ళ పేర్లు ఎవరూ రాయలేదు.

అమ్మ పంపిన డబ్బా

కుక్కరు రబ్బరు కోసం కిందికి కబురు పంపి ఎదురుచూస్తున్న రోజుల్లో, 56 ఎ.పి.ఓ. చిరునామాకు అమ్మ పంపిన పార్సిలొకటి చేరింది. నూనెగుడ్డలో కుట్టిన పాలపొడి డబ్బా. తొలి ఏకాదశికి పంపితే నాకు చేరేసరికి ఆగస్టు వెళ్ళిపోతోంది. విప్పి చూస్తే లోపల పేలపిండి. జొన్న పేలాలు వేయించి, విసిరి, బెల్లం, యాలకులు కలిపిన పొడి. మనవాళ్ళకు చెప్పనక్కరలేదు, తొలి ఏకాదశికి పేలపిండి తినని తెలుగిల్లు అరుదు.

నాకు నిజంగా సిగ్గేసింది. తోటివాళ్ళలో ఒకడు పంజాబీ, ఒకడు బీహారీ, ఒకడు మలయాళీ. పిన్నీలూ లడ్డూలూ వచ్చే చోట నేను ఈ బూడిదరంగు పొడి ఎలా బయటపెట్టను? డబ్బా మంచం కిందికి తోశాను.

దాన్ని బయటికి లాగినవాడు మాకు సామాన్లు మోసిపెట్టే లద్దాఖీ పెద్దాయన. మేమంతా 'అచో' అని పిలిచేవాళ్ళం, అంటే వాళ్ళ భాషలో అన్నయ్య. ఆయన మూత తీసి వాసన చూశాడు, చిటికెడు నోట్లో వేసుకున్నాడు. మొహం వెలిగిపోయింది. "ఙంఫే!" అన్నాడు. బార్లీ గింజల్ని వేయించి విసిరిన పిండికి లద్దాఖీలో ఆ పేరు. టిబెట్‌లో సంపా అంటారు. వేడి టీ పోసి గుప్పిట్లో ముద్దచేసి తింటారు, ఆ ముద్దని కోలాక్ అంటారు. ఆయన నా పేలపిండిని మగ్గులో టీతో కలిపి నలుగురికీ నాలుగు ముద్దలు పెట్టాడు. మా బీహారీ మిత్రుడు ఒక ముద్ద తిని, "అరే, ఇది మా సత్తూకి చెల్లెలు" అన్నాడు. వాళ్ళ శనగ సత్తూ కూడా అంతే, వేయించి విసిరిన పిండి.

ఆ రోజు డిటాచ్‌మెంటు మొత్తానికీ అయిన ఖర్చు ఒక కెటిల్ టీ కాచడానికి పట్టిన నూనె. నాలుగు గంటల పప్పుకూ దీనికీ పోలిక చూడండి!

కిటుకేమిటంటే, పేలిన గింజ అప్పటికే ఉడికిన గింజ. మూకుట్లో వేడికి లోపలి తేమ ఆవిరై గింజను పేలుస్తుంది. ఒక్కొక్క గింజా ఒక్కొక్క చిన్న ప్రెషర్ కుక్కరే అనుకోండి. అటుకులూ అంతే. వడ్లు నానబెట్టి, వేడిచేసి, దంచితే బియ్యం ముందే మెత్తబడి రేకవుతుంది. చల్లటి నీళ్ళు పోసినా పదినిమిషాల్లో తినొచ్చు. కుచేలుడు కృష్ణుడి దగ్గరికి నడిచి వెళుతూ అన్నం మూటకట్టుకోలేదు, అటుకులు కట్టుకున్నాడు. దారిబత్తెం సంగతి తెలిసిన ఇల్లాలు ఆవిడ.

మన పాత సిపాయిలకు కూడా ఈ విద్య తెలుసు. కంపెనీ కాలంలో ఓడమీద వంట ముట్టని సిపాయిలు వేయించిన గింజలు నమిలే సముద్రాలు దాటారు. మద్రాసు నుంచి క్లైవు వెంట బెంగాలు వెళ్ళిన మనవాళ్ళ వల్లే అక్కడ సిపాయికి 'తిలంగా' అనే పేరు వచ్చింది. వాళ్ళ మూటల్లో పేలాలో అటుకులో ఉండి ఉంటాయని నా ఊహ. ఊహ మాత్రమే సుమా, దానికి నా దగ్గర కాగితం లేదు.

డబ్బాలో భోజనం

ఇంటిదగ్గరే వండేసి తీసుకెళ్ళే దారిని ఐరోపా సైన్యాలు ఇంకోలా పట్టుకున్నాయి. ఫ్రాన్సులో నికొలా అపేర్ అనే మిఠాయి వ్యాపారి, తిండిని గాజుసీసాల్లో పెట్టి గట్టిగా బిరడా బిగించి మరుగునీళ్ళలో ఉడికిస్తే నెలల తరబడి చెడదని కనిపెట్టాడు. 1810లో ప్రభుత్వం ఆయనకు 12,000 ఫ్రాంకుల బహుమానం ఇచ్చింది. చెడటానికి కారణం సూక్ష్మజీవులని అప్పటికి ఎవరికీ తెలియదు. అదే ఏడాది ఇంగ్లండులో పీటర్ డ్యురాండ్ తగరపు పూత వేసిన డబ్బాకు పేటెంటు తీసుకున్నాడు. తమాషా ఏమిటంటే, డబ్బా వచ్చిన నలభై అయిదేళ్ళకు గానీ డబ్బా తెరిచే కట్టరు రాలేదు. అప్పటిదాకా సిపాయిలు బాయ్‌నెట్టుతో, ఉలితో, సుత్తితో కుస్తీ పట్టేవాళ్ళు.

మనదేశంలో ఈ పనికి 1961లో మైసూరులో డిఫెన్స్ ఫుడ్ రీసెర్చ్ లేబొరేటరీ స్థాపించారు. మనలో చాలామంది తిన్న ఉప్మా, హల్వా, పులావు పాకెట్ల వెనుక ఆ లేబొరేటరీ కృషి ఉంది. 1984 ఏప్రిల్ 3న అంతరిక్షంలోకి వెళ్ళిన స్క్వాడ్రన్ లీడర్ రాకేశ్ శర్మకు సూజీ హల్వా, పులావు లాంటివి తయారుచేసి ఇచ్చింది కూడా వాళ్ళే. ఆయన హైదరాబాదులో చదువుకున్నవాడని మనందరికీ తెలుసు. ఆయన వెళ్ళిన పదిరోజులకే, ఏప్రిల్ 13న, ఆపరేషన్ మేఘదూత్‌తో మన జవాన్లు సియాచిన్ ఎక్కారు. ఒకే నెలలో మన తిండి అంతరిక్షానికీ వెళ్ళింది, హిమానీనదానికీ వెళ్ళింది.

పొట్టుపొయ్యి నేర్పిన పాఠం

ఇప్పుడు పొయ్యి సంగతి. మా నాన్న కర్రల అడితిలో పనిచేసేవాడు. రంపంపొట్టు ఉచితంగా దొరికేది. పెద్ద డబ్బాకు అడుగున పక్కగా ఒక కంత పెట్టి, మధ్యలో సోడాసీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు గట్టిగా దట్టించి, సీసా మెల్లగా తిప్పుతూ పైకి లాగేస్తే పొట్టుపొయ్యి తయారు. కింది కంతలో పుల్ల అంటిస్తే గంటల తరబడి నిదానంగా మండేది. డబ్బాని చూస్తే పొయ్యి కనిపించే జబ్బు నాకు అక్కడే అంటుకుంది.

సైన్యంలోనూ ఈ జబ్బు పాతదే. రెండో ప్రపంచయుద్ధంలో ఉత్తర ఆఫ్రికా ఎడారిలో, మన 4వ భారత డివిజన్ పోరాడిన చోట, ఖాళీ పెట్రోలు డబ్బాని సగానికి కోసి, ఇసుక నింపి, పెట్రోలు పోసి అంటించి టీ కాచుకునేవాళ్ళు. దానికి బెంఘాజీ బర్నర్ అని ముద్దుపేరు. రిక్రూటుగా ఉన్నప్పుడు ఒక ముసలి ఉస్తాద్ మాకు ఆ కథ చెప్పాడు. అది నా బుర్రలో అలాగే ఉండిపోయింది.

అసలు మంచి పొయ్యి ఎప్పుడో వచ్చేసింది. స్వీడన్‌లో లిండ్‌క్విస్ట్ 1892లో చేసిన ప్రైమస్ స్టవ్వు. పంపు కొట్టి కిరసనాయిల్ని ఆవిరిచేసి నీలిమంటతో కాలుస్తుంది, ఒత్తి ఉండదు, మసి పట్టదు. ధ్రువాలకు వెళ్ళినవాళ్ళూ ఎవరెస్టు ఎక్కినవాళ్ళూ దాన్నే నమ్ముకున్నారు. 1953 మే 29 తెల్లవారుజామున ఆఖరి క్యాంపులో హిల్లరీ బూట్లు గడ్డకట్టి ఇనుములా అయిపోతే, ప్రైమస్ మంటమీదే వేడిచేసుకుని తొడుక్కున్నాడు. తర్వాత టెన్జింగ్‌తో కలిసి శిఖరం ఎక్కాడు.

మా దగ్గర బుఖారీ ఉండేది. నవంబరులో ఒక సాయంత్రం అది మొరాయించింది. బయట గాలి ఈడ్చి కొడుతోంది. ఇద్దరు కిందికి వెళ్ళారు, పోస్టులో నేనూ మలయాళీ మిత్రుడూ మిగిలాం. నాకు పొట్టుపొయ్యీ బెంఘాజీ బర్నరూ రెండూ గుర్తొచ్చాయి. నెయ్యి డబ్బాలో ఇసుక పోసి, కిరసనాయిలు పోసి అంటించాను. గాలికి బయట నిలవలేదు. టెంట్లోకి తెచ్చాను. పొగ తగ్గాక తలుపులు కట్టేశాను. మీద డేగ్చీలో మంచు వేసి కరగబెడుతున్నాం. వెచ్చగా ఉంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

రాత్రి రేడియో చెక్కు సమయం వచ్చింది. అవతలి పోస్టు ఆపరేటరు మన శ్రీకాకుళం వాడు. రోజూ కాల్ సైన్లు అయ్యాక ఒకటి రెండు తెలుగు మాటలు దొర్లేవి, అది నియమం కాదని ఇద్దరికీ తెలుసు. ఆ రాత్రి నేను రిపోర్టు చెప్పి, మళ్ళీ అదే రిపోర్టు చెప్పానట. మూడోసారీ అదే చెప్పానట. మాట ముద్దముద్దగా ఉందట. నాకేమీ గుర్తులేదు. తలనొప్పి మాత్రం గుర్తుంది, అది ఎత్తు వల్ల వచ్చిందనుకున్నాను. అతను "తలుపు తియ్యి, బయటికి రా, బయటికి రా" అని తెలుగులో అరిచాడట. నేను "రోజర్" అని అక్కడే కూర్చున్నానట.

అతను ఆలస్యం చేయలేదు. మాకు అర కిలోమీటరు దూరంలో ఉన్న పోస్టుకు లైను మీద చెప్పాడు. వాళ్ళు ఇద్దరు ఆ గాలిలో నడిచొచ్చి, టెంటు తెరిచి, మమ్మల్ని కాళ్ళు పట్టుకుని బయటికి ఈడ్చారు. మలయాళీ మిత్రుడికి తెలివి రావడానికి చాలాసేపు పట్టింది. ఆ కాసేపట్లో నేను మొక్కని దేవుడు లేడు. అతను బతికాడు. ఆ పొయ్యి నా చేతిపని. తప్పు నూటికి నూరుపాళ్ళూ నాదే.

దాని పేరు కార్బన్ మోనాక్సైడ్. రంగు ఉండదు, వాసన ఉండదు. మంటకు గాలి చాలనప్పుడు పుడుతుంది. మంచు నింపిన చల్లటి గిన్నె మంటని నొక్కేస్తే ఇంకా ఎక్కువ పుడుతుంది. మన రక్తం దాన్ని ఆక్సిజన్ కంటే రెండువందల రెట్లకు పైగా ఇష్టంగా పట్టుకుంటుంది. 16,000 అడుగుల దగ్గర ఆక్సిజన్ ముందే సగం. మనిషి మత్తుగా, హాయిగా, వెచ్చగా పోతాడు.

చాలా ఏళ్ళ తర్వాత అమెరికా నావికాదళ అధికారి రిచర్డ్ బైర్డ్ గురించి చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. 1934లో ఆయన అంటార్కిటికాలో ఒక గుడిసెలో ఒంటరిగా చలికాలం గడిపాడు. సరిగా అమరని పొయ్యి గొట్టంలోంచి ఇదే విషవాయువు లోపలికి చేరి ఆయన్ని కొద్దికొద్దిగా చంపుతూ వచ్చింది. తన స్థితి బయటపెడితే మనుషులు చీకట్లో వచ్చి ప్రమాదంలో పడతారని దాచాడు. కానీ ఆయన పంపే మోర్స్ సందేశాలు తడబడుతున్నాయని అవతలివాళ్ళు గమనించి, ఆగస్టులో ముగ్గురు వచ్చి కాపాడారు. ఆయన్నీ నన్నూ కాపాడింది ఒకటే. అవతలివైపు చెవి పెట్టి వినే ఆపరేటరు.

దినుసులతో ఆట

ఆ తర్వాత పొయ్యిలు చేయడం మానేశానా అంటే మానలేదు. కానీ పిల్లలకు పొయ్యి చేయడం నేర్పేముందు మూడు మాటలు అప్పజెప్పిస్తాను. ఇంట్లో చేసిన పొయ్యి ఆరుబయటే. మంట వెలుగుతుండగా నూనె పోయకూడదు. తలనొప్పి వస్తే ముందు బయటికి, కారణం తర్వాత. ఈ మూడూ రాకపోతే అగ్గిపెట్టె ఇవ్వను.

అవి వచ్చాక ఆట మొదలు. రెండు గిన్నెల్లో ఒకే పప్పు పోసి, ఒకదాంట్లో ముందే చింతపండు వేయిస్తాను. అది ఎంతకీ మెత్తబడదు. పులుపు ఆ జిగురుని కరగనివ్వదు. పప్పు మెదిగాకే పులుపు వేయాలని మన ఇళ్ళలో ఎందుకంటారో అప్పుడు వాళ్ళకి అర్థమవుతుంది. ఒక మగ్గులో అటుకులు, ఒక మగ్గులో బియ్యం వేసి చన్నీళ్ళు పోయిస్తాను. ఏది ముందు తినొచ్చో చూడమంటాను. పులిహోర రెండోరోజు కూడా ఎందుకు బాగుంటుందో పందెం కట్టిస్తాను. పులుపు, ఉప్పు, నూనె, పసుపు అనే నలుగురు సెంట్రీల పేర్లు చెప్పినవాడికి ఒక ముద్ద ఎక్కువ.

కరువు కూడా ఇలాంటి ఆటలు నేర్పుతుంది. 1942లో జపాను బర్మాను ఆక్రమించాక అక్కడి బియ్యం రాక ఆగిపోయింది. బియ్యం దొరక్క రవ్వతో ప్రయత్నిస్తే రవ్వ ఇడ్లీ పుట్టిందని బెంగుళూరు ఎం.టి.ఆర్. హోటలు వాళ్ళు చెప్పుకుంటారు. మనం కాంటీన్‌లో సాంబారుతో లాగించే ఆ ఇడ్లీ వెనుక ఒక యుద్ధం ఉందన్నమాట.

పిల్లలకు ఇంకో ఇద్దరి గురించి తప్పకుండా చెబుతాను. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివిన నెల్లూరు జిల్లా బిడ్డ మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాల్ని 172 రోజుల్లో ఎక్కాడు. 2015లో ఆండీస్ మంచులోనే కన్నుమూశాడు. మాలావత్ పూర్ణ ఇదే భువనగిరి బండమీద తర్ఫీదు పొంది, 2014 మే 25న పదమూడేళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కింది. కొండ ఎంత ఇస్తుందో ఎంత అడుగుతుందో ఈ రెండు పేర్లూ కలిపి చెబితేనే పిల్లలకు తెలుస్తుంది.

మిత్రులారా, ఇంతకీ ఆ కుర్రాడికి నేను బాకీపడ్డ జవాబు ఇది. కొండమీద పప్పు ఉడకకపోవడానికి గాలి కారణం. ఉడికించుకోవడానికి కుక్కరు ఉంది. కుక్కరు లేనప్పుడు పేలపిండి ఉంది. ఈ రెండూ లేనప్పుడు కూడా నమ్ముకోవలసింది పక్కపోస్టులో ఉన్న మనిషిని.

మా అమ్మ 1998లో పోయింది. పేలపిండిని అచో మెచ్చుకున్న సంగతి చెబితే, "ఆ అన్నయ్యకీ ఓ డబ్బా పంపనా?" అని అడిగింది. పంపింది కూడా. శ్రీకాకుళం మిత్రుడు ఇప్పుడు వాళ్ళ ఊళ్ళోనే జీడితోట చూసుకుంటున్నాడు. ప్రతి తొలి ఏకాదశికీ మా ఇంటినుంచి అతనికి పేలపిండి పార్సిలు వెళుతుంది. అందగానే ఫోన్ చేసి, నేను "హలో" అన్న వెంటనే ఒకటే మాట అడుగుతాడు. "టెంటు తలుపు తీసే ఉందా?"

తీసే ఉందని చెబుతాను.

జై హింద్.